ఒక వార్ట్‌హాగ్, ఎనిమిది వేల డాలర్లు: నమీబియాలో పది రోజులు

బయల్దేరక ముందు

మాది ప్రకాశం జిల్లాలో కనిగిరి వైపు పల్లె. నా చిన్నప్పుడు వేరుశెనగ కాయ ఊరే రోజుల్లో నాన్న రాత్రిళ్లు ఇంట్లో పడుకునేవాడు కాదు. చేలో మంచె మీద టార్చిలైటు, పాత నూనె డబ్బా, ఒక కర్ర పెట్టుకుని కూర్చునేవాడు. అడవి పందుల గుంపు దిగిందంటే ఒక్క రాత్రిలో అరెకరం దున్నిపోయేది. డబ్బా వాయించి తరమడం తప్ప ఇంకేం చేయడానికి లేదు. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట ముగిసింది, అది మంచికే వచ్చిందని నేను నమ్ముతాను. కానీ పందంటే నా మనసులో అప్పటి నుంచీ ఒక ప్రత్యేకమైన జంతువు. తెలివైనది, మొండిది, తేలిగ్గా దొరకనిది.

టెక్సాస్ వచ్చాక ఆఫీసులో ఒకాయన తన రాంచ్‌కి పిలిస్తే వెళ్లి మొదటిసారి రైఫిల్ పట్టుకున్నాను. అక్కడ పొలాలు పాడుచేసే పందుల్ని ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, వేట లైసెన్సు లేకుండానే కొట్టొచ్చని 2019లో చట్టం మార్చారు. ఐదారేళ్లు అలా నేర్చుకున్నాక ఆఫ్రికా వార్ట్‌హాగ్ మీద మనసు పడింది. ముఖం మీద పులిపిర్లు, పైకి వంగిన కోరలు, పరిగెత్తేటప్పుడు జెండా కర్రలా నిలబడే తోక ఉన్న అడవి పంది అది.

ఈ కథనం రాయడానికి పెద్ద కారణం డబ్బు లెక్క. నేను మొదలుపెట్టినప్పుడు "వార్ట్‌హాగ్ 350 యూరోలు" అన్న ఒక్క లైను చూసి, ఇది మన వల్ల అయ్యే పనే అనుకున్నాను. ఆ లైను నిజమే. కానీ మొత్తం ఖర్చులో అది ఇరవయ్యో వంతు. మిగతా పందొమ్మిది వంతులు ఎక్కడెక్కడ ఉంటాయో ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు నాలుగు నెలల టెన్షన్ తగ్గేది.

దేశం ఎంచుకోవడం ముందు. కెన్యాలో 1977 నుంచి వేట నిషేధం. దక్షిణాఫ్రికా, నమీబియా, జింబాబ్వే లాంటి చోట్ల చట్టబద్ధం. నేను నమీబియా ఎంచుకున్నాను. అక్కడ సీజన్ ఫిబ్రవరి 1 నుంచి నవంబర్ 30 దాకా. విదేశీయులు ట్రోఫీ వేట (తల, కోరలు గుర్తుగా ఉంచుకునే వేట) చేయాలంటే ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన గైడ్ పక్కన ఉండి తీరాలి, వేటకు ముందే పర్యావరణ శాఖ పర్మిట్ తీసుకోవాలి. పర్మిట్ పని వేట జరిగే ఫారం (పశువుల క్షేత్రం) వాళ్లే చూస్తారు. వార్ట్‌హాగ్ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితా అయిన సైటిస్‌లో లేదు కాబట్టి ఆ కాగితాల బాధ కూడా లేదు.

నెల విషయంలో ఎక్కువ ఆలోచించలేదు. జులై అక్కడ చలికాలం, వానలుండవు. గడ్డి ఎండి పొట్టిగా ఉంటుంది, ఊటలు ఎండిపోయి జంతువులన్నీ నీటి తొట్ల దగ్గరికి వస్తాయి. పైగా దోమలు తక్కువ. అయినా నేను వెళ్లే ఒట్జొజొండ్జుపా ప్రాంతం మలేరియా జాబితాలో ఉందని డాక్టరు మాత్రలు రాసిచ్చారు, వేసుకున్నాను.

వేట ఏర్పాటు చేసే ముగ్గురికి ఈమెయిల్ రాశాను. ఒకరి ధర మిగతా ఇద్దరి కంటే బాగా తక్కువ. ఆనందపడి, తర్వాత చివరి పేజీ చదివితే అసలు సంగతి అక్కడుంది. నమీబియా వ్యాట్ 15 శాతం విడిగా, విమానాశ్రయం నుంచి తీసుకురావడం విడిగా, తుపాకీ అద్దె విడిగా, చివరికి వేట బండిలో డీజిల్ కూడా విడిగా. అన్నీ కూడితే ఆ తక్కువ ధరే అందరికంటే ఎక్కువైంది. అప్పటి నుంచి నేను అందరినీ ఒకే ప్రశ్న అడిగాను: "నేను విమానం దిగిన నిమిషం నుంచి మళ్లీ విమానం ఎక్కే నిమిషం దాకా, ఒక వార్ట్‌హాగ్ కొడితే, నా జేబులోంచి ఎంత పోతుంది? ఒక్క అంకె చెప్పండి." సూటిగా చెప్పినవాళ్ల దగ్గరే బుక్ చేశాను.

ఆ ఒప్పందం ఇదీ. వేటగాడికి రోజుకు 280 యూరోలు, ఐదు రోజులు. చూడటానికి వచ్చేవాళ్లకు రోజుకు 120. మా బావమరిది తోడొస్తానన్నాడు. వాడికి తుపాకీ మీద ఆసక్తి లేదు, కెమెరా మీద ఉంది. ఇద్దరికీ కలిపి ఐదు రోజులకు 2,000 యూరోలు, దాని మీద 300 వ్యాట్. భోజనం, గది, గైడ్, ట్రాకర్ (అడుగుజాడలు పట్టేవాడు), బండి అందులోనే. రైఫిల్ అద్దె రోజుకు 30. కారులో రానూపోనూ 220. కొడితే వార్ట్‌హాగ్‌కి 350.

ఇక్కడ రెండు సంగతులు గట్టిగా చెప్పాలి. ఒకటి, ధర యూరోల్లో ఉంటే మారకం రేటు కూడా మీ బడ్జెట్‌లో భాగమే. 2025 జనవరిలో నేను 1,000 యూరోలు అడ్వాన్సు కట్టినప్పుడు యూరో 1.04 డాలర్ల దగ్గర ఉంది. జులైలో మిగతాది కట్టేసరికి 1.17కి పోయింది. ఫారంకి కట్టాల్సిన 1,800 యూరోల మీద ఒక్క ఈ తేడాకే 234 డాలర్లు పోయాయి. డబ్బు చేతిలో ఉన్నప్పుడే యూరోలు కొని పెట్టుకోవాల్సింది.

రెండోది రక్తం షరతు. ఒప్పందంలో స్పష్టంగా రాసి ఉంటుంది: తూటా తగిలి ఒక్క చుక్క రక్తం నేల మీద పడినా, జంతువు దొరికినా దొరక్కపోయినా, మొత్తం రుసుం కట్టాలి. న్యాయమైన షరతు అది. గాయపడి పోయిన జంతువు చచ్చిపోయిందనే లెక్క. కాబట్టి ఒక పందికి బడ్జెట్ వేసుకుంటే రెండు పందుల డబ్బు దగ్గర పెట్టుకోవాలి. నేను 400 డాలర్లు విడిగా ఒక కవర్లో పెట్టాను.

సొంత రైఫిల్ తీసుకెళ్లాలా అన్నది ఇంకో ప్రశ్న. తీసుకెళ్తే అమెరికా కస్టమ్స్ దగ్గర 4457 నంబరు పత్రం, మధ్యలో దిగే దేశం నియమాలు, ఎయిర్‌లైన్ నియమాలు, నమీబియా రాజధాని విండ్‌హుక్‌లో పోలీసుల తాత్కాలిక పర్మిట్. వీటిలో ఏ ఒక్కటి బెడిసినా ఒక వేట రోజు పోతుంది, అంటే 280 యూరోలు. ఐదు రోజుల అద్దె 150 అయినప్పుడు నాకు రెండో ఆలోచన రాలేదు.

మొదటి రోజు

ముందు రాత్రి డల్లాస్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, ఈ రాత్రి అక్కడి నుంచి విమానంలో విండ్‌హుక్. టికెట్లు ఒక్కొక్కటి 1,650 డాలర్లు. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను, ఆఫ్రికా వెళ్తున్నా, పంది వేటకు అని. కాసేపు మాట్లాడలేదు. "ఎవరి చేలో పడుతోంది నాయనా అది?" అంది. ఎవరి చేలోనూ కాదమ్మా అన్నాను. "మరెందుకు?" అంది. వచ్చాక చెప్తానన్నాను. ఆ ప్రశ్న నాతో పాటే విమానం ఎక్కింది.

రెండో రోజు

హొసియా కుటాకో విమానాశ్రయం ఊరికి 45 కిలోమీటర్ల దూరంలో, చుట్టూ బీడు భూముల మధ్య ఉంది. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు 2025 ఏప్రిల్ 1 నుంచి వీసా తప్పనిసరి చేశారు. దిగాక తీసుకోవచ్చు, 1,600 నమీబియా డాలర్లు, అంటే సుమారు 90 అమెరికా డాలర్లు. వాళ్ల డాలరూ దక్షిణాఫ్రికా రాండూ సమానం, రాండ్ నోట్లు కూడా ఇక్కడ చెల్లుతాయి.

ఆ రోజు ఏ పనీ పెట్టుకోలేదు. రెండు రాత్రులు విమానంలో కూర్చుని వచ్చినవాడి చేతికి రైఫిల్ ఇవ్వకూడదన్నది నా అభిప్రాయం. లాడ్జికి 95 డాలర్లు పెట్టి ఒక రాత్రి నిద్రపోవడం ఖర్చులా కనబడుతుంది గానీ, అలసిన కళ్లతో తప్పిపోయే ఒక్క తూటా కంటే అది చవక.

సాయంత్రం విండ్‌హుక్‌లోని కటుటూరా పేటలో కపానా తిన్నాం. గొడ్డు మాంసం చిన్న ముక్కలుగా కోసి నిప్పుల మీద కాల్చి, కారం ఉప్పు కలిపిన పొడిలో అద్దుకుని నిలబడే తింటారు. బావమరిది గొడ్డు మాంసం తినడు. పక్కనే అమ్ముతున్న నూనెలో వేయించిన రొట్టెలు తిన్నాడు, అవి మన తీపి బోండాల్లాగే ఉన్నాయన్నాడు.

మూడో రోజు

పొద్దున్నే ఫారం వాళ్ల బండి వచ్చింది. బి1 రోడ్డు మీద ఉత్తరంగా ఒట్జివరాంగో వైపు, 250 కిలోమీటర్లు. ఒకాహాండ్జా దాటాక రోడ్డు పక్కనే మొదటి వార్ట్‌హాగ్‌లను చూశాను. మూడు, ముందు కాళ్లు మడిచి మోకాళ్ల మీద నిలబడి గడ్డి మేస్తున్నాయి. నేలకు దగ్గరగా ఉన్న పొట్టి గడ్డిని అలాగే తింటాయి, పుట్టుకతోనే ఆ చోట చర్మం గట్టిపడి ఉంటుంది. లారీ పోతున్నా తల ఎత్తలేదు.

"ఇక్కడే ఉన్నాయి కదా బావా, ఐదు రోజులు ఎందుకు?" అన్నాడు బావమరిది. డ్రైవరు విని, అవి రోడ్డుకు అలవాటుపడ్డవి, మనిషి కాలినడకన వస్తే సంగతి వేరు అన్నాడు.

అది పశువుల ఫారం. వేల ఎకరాల్లో ఆవులు, వాటి మధ్యే ఓరిక్స్, కూడూ, హార్ట్‌బీస్ట్ అనే జింక జాతులు, వార్ట్‌హాగ్. 1975లో వచ్చిన ప్రకృతి సంరక్షణ చట్టంతో ఇక్కడ కంచె వేసుకున్న రైతులకు తమ భూమి మీదున్న కొన్ని అడవి జంతువుల మీద హక్కు దక్కింది. 1996లో చట్టం సవరించి ఉమ్మడి భూముల్లోని పల్లెలకూ అలాంటి హక్కు ఇచ్చారు. అంతకుముందు గడ్డికి పోటీగా కనబడిన జంతువు ఆ తర్వాత ఆదాయంగా కనబడటం మొదలైంది. ఫారం యజమాని మాటల్లో చెప్పాలంటే, కరువు సంవత్సరాల్లో ఆవులు మోసం చేస్తాయి గానీ ఓరిక్స్ మోసం చేయదు. మన ఊళ్లో నాన్నకు పంది వల్ల నష్టం తప్ప పైసా రాలేదు. ఆ తేడా నేను రోజంతా ఆలోచించాను.

మధ్యాహ్నం గురి పరీక్ష. అద్దె రైఫిల్ పాయింట్ 308, సైలెన్సర్ బిగించింది. మూడు కాళ్ల కర్రల స్టాండ్ మీద ఆనించి, నిలబడి కాల్చాలి. టెక్సాస్‌లో నేను ఎప్పుడూ కూర్చునో, బల్ల మీద ఆనించో కాల్చినవాణ్ని. మొదటి మూడు తూటాలు అరచేయంత వెడల్పులో పడ్డాయి. గైడ్ ఏమీ అనలేదు, ఇంకో పది కాల్పించాడు. వెళ్లేవాళ్లకు నా మాట: రెండు నెలల ముందే అలాంటి స్టాండ్ కొనుక్కుని, నిలబడి కాల్చడం ఇంటి దగ్గరే నేర్చుకోండి. నేను చాలినంత నేర్చుకోలేదు. దాని ఫలితం ఆరో రోజు చూశాను.

రాత్రి గైడ్ ఒక కాగితం మీద బొమ్మ వేసి చూపించాడు. వార్ట్‌హాగ్ గుండె మనం అనుకున్న దానికంటే కిందకు, ముందుకు ఉంటుంది. ముందు కాలు గీత వెంట పైకి వచ్చి, శరీరం ఎత్తులో కింది మూడో వంతు దగ్గర ఆగాలి. మగదానికి ముఖం మీద రెండు జతల పులిపిర్లు, కళ్ల కింద ఉండేవి పెద్దవి. ఆడదానికి ఒక జత, అదీ చిన్నది. పిల్లలతో ఉన్న ఆడదాన్ని కొట్టేది లేదు, ఎంత పెద్ద కోరలున్నా సరే.

నాలుగో రోజు

పొద్దున మూడు డిగ్రీలు. జులైలో ఇక్కడ సూర్యుడు ఏడున్నరకు గానీ రాడు. నేను ఐదింటికే లేచి కూర్చున్నాను. ట్రాకర్ నింపాదిగా టీ తాగుతున్నాడు. ఆయన హెరెరో తెగ మనిషి, అరవై దాటి ఉంటాయి. "మోరో" అని పలకరిస్తే చిరునవ్వుతో "మోరో" అన్నాడు. చలికాలంలో వార్ట్‌హాగ్ ఎండ కాస్తే గానీ బొరియలోంచి బయటికి రాదట. రాత్రంతా అందులోనే పడుకుంటుంది, ఎక్కువగా అవి చెదలు తినే ఆర్డ్‌వార్క్ అనే జంతువు తవ్వి వదిలేసిన బొరియలు. మన అడవి పందిలాగా రాత్రి తిరిగే జంతువు కాదు. నాన్న రాత్రంతా మేలుకుంటే, వీళ్లు తొమ్మిదింటికి హాయిగా బయల్దేరుతున్నారు.

నడక మొదలైంది. ఎర్రమట్టి, మనిషి కంటే ఎత్తైన చెదపుట్టలు, వాటి కొసలు ఉత్తరం వైపు వంగి ఉన్నాయి. ఒంటె తుమ్మలు, బోసియా చెట్లు. వీటన్నిటికీ మించి బ్లాక్‌థార్న్ అనే ముళ్లపొద. దాని ముళ్లు వెనక్కి వంగి ఉంటాయి, చొక్కా పట్టుకుంటే ఒక్కడుగు వెనక్కి వేస్తే తప్ప వదలవు. ఆవుల మేత ఎక్కువై, కార్చిచ్చులు తగ్గి, ఈ పొద ఉత్తర నమీబియా పచ్చికబయళ్లను కమ్మేస్తోంది. ఒకప్పుడు ఇదంతా గడ్డి మైదానమని గైడ్ చెప్పాడు.

పదకొండింటికి నీటి తొట్టి దగ్గర ఒక ఆడ వార్ట్‌హాగ్ మూడు పిల్లలతో వచ్చింది. వానల మొదట్లో పుట్టిన పిల్లలు, ఏడెనిమిది నెలలవి. తల్లి నీళ్లు తాగుతుంటే పిల్లలు బురదలో పొర్లాయి. గాలి మారింది. తల్లి ఒక్కసారి గుర్రుమంది, నాలుగు తోకలు ఒకేసారి పైకి లేచాయి. బావమరిది కెమెరాలో ఆ నాలుగు తోకల ఫొటో ఉంది. ఈ యాత్ర మొత్తంలో మంచి ఫొటో అదే.

సాయంత్రం ఒక ముసలి మగదాన్ని చూశాం. దాని చూపు అంతంతమాత్రం, ముక్కు, చెవులు చాలా చురుకు. గాలి ముఖం మీదకు పెట్టుకుని రెండు వందల మీటర్లు వంగి నడిచి, ఆఖరి నలభై మీటర్లు పాకాం. స్టాండ్ విప్పుతుంటే ఇనుము ఇనుముకు తగిలి చిన్న చప్పుడు. అది అటు తిరిగి, ఒక పుట్ట పక్కన ఆగి, వెనక్కి వెనక్కి నడుస్తూ బొరియలోకి దిగిపోయింది. ఎప్పుడూ అలాగే దిగుతుందట, లోపల ఉన్నా కోరలు బయటికే ఉండేలా. ముఖం ఒక్కటే కాసేపు కనబడింది. కాల్చమంటాడేమోనని గైడ్ వైపు చూశాను. తల అడ్డంగా ఊపాడు.

ఐదో రోజు

రోజంతా ఈదురుగాలి, ఏదీ బయటికి రాలేదు. తూర్పున వాటర్‌బర్గ్ కొండ కనబడుతూనే ఉంది, పైభాగం గీత గీసినట్టు సమతలంగా. 1904 ఆగస్టులో జర్మన్ సైన్యం ఆ కొండ దగ్గరే హెరెరో ప్రజల్ని ఓడించి, తూర్పున నీళ్లు లేని ఎడారిలోకి తరిమింది. వేల మంది దాహంతో చనిపోయారు. అది జాతి నిర్మూలనే అని జర్మనీ ప్రభుత్వం 2021లో ఒప్పుకుంది. ట్రాకర్ ఆ కొండ వైపు చూపించి తన తాతల మాట ఏదో రెండు వాక్యాలు చెప్పాడు. గైడ్ అనువదించలేదు, నేనూ అడగలేదు.

ఆరో రోజు

మధ్యాహ్నం దాకా మూడు చోట్ల ప్రయత్నించాం. నాలుగున్నరకు ఎండిన వాగు ఒడ్డున ఒంటరి మగది, మోకాళ్ల మీద మేస్తూ. గైడ్ దుర్భిణిలో చాలాసేపు చూశాడు. కుడి కోర కొస అరిగి ఉంది, నడుము మీద వెంట్రుకలు పలచబడ్డాయి. "ముసలిది. ఇదే" అన్నాడు. ఎనభై మీటర్లు.

స్టాండ్ నిలబెట్టాం. ఊపిరి ఎక్కువగా ఆడుతోంది. స్కోపులో గురి గీతల గుర్తు ముందు కాలి మీద నిలిచింది, కొంచెం వెనక్కి జరిగింది, మళ్లీ తెచ్చాను. అది మోకాళ్ల మీద నుంచి లేస్తున్న క్షణంలో కాల్చాను. ఆగాల్సింది. లేచి, పక్కకు తిరిగి, నిలబడ్డాక కాల్చాల్సింది.

తగిలిన చప్పుడు వినబడింది. అది ఒక్కసారి వంగి, తోక పైకెత్తకుండా పొదల్లోకి పోయింది. తోక దించుకుని పోయిందంటే గట్టిగా తగిలిందని అర్థమట.

ట్రాకర్ వెళ్లి నేల చూశాడు. ఒక ఆకు తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. ముదురు ఎరుపు, దాదాపు నలుపు. ఊపిరితిత్తికి తగిలితే రక్తం నురగతో లేత రంగులో ఉంటుంది. ఇది కాలేయం. అంటే చచ్చిపోతుంది, కానీ వెంటనే కాదు. తరిమితే దూరం పోతుంది. బొరియలో దూరితే ఇక దొరకదు. నలభై నిమిషాలు ఆగుదాం అన్నాడు గైడ్.

ఆ నలభై నిమిషాలు నేను జీవితంలో మరిచిపోలేను. కవర్లో పెట్టిన 400 డాలర్లు గుర్తొచ్చాయి, కానీ డబ్బు గురించి బాధ లేదు. అక్కడెక్కడో ఒక జంతువు నా తొందర వల్ల నొప్పితో పడుంది. బావమరిది నా పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. "దొరుకుతుంది బావా" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు.

తర్వాత ట్రాకర్ ముందు, గైడ్ రెండోవాడు, నేను మూడో. ఎర్రమట్టి మీద ఒక్కో చుక్క. చుక్కల మధ్య దూరం ఐదు అడుగులు, పది, ఇరవై. ఒకచోట ఇక లేవు. ట్రాకర్ అక్కడ కర్ర గుచ్చి, గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాడు. గడ్డిపోచ వంగిన తీరు, గిట్ట ముద్ర అంచు ఎంత పదునుగా ఉంది అన్నవి చూస్తున్నాడు. నాకు అన్నీ ఒకేలా ఉన్నాయి. పావుగంట తర్వాత మళ్లీ ఒక చుక్క దొరికింది.

ఆరింటికి, వెలుగు తగ్గిపోతుండగా, ఒక బ్లాక్‌థార్న్ కింద పడుకుని ఉన్నది కనబడింది. బొరియకు పది అడుగుల దూరంలో. తల ఎత్తి మమ్మల్ని చూసింది. కింది కోరలు కత్తుల్లా పదునుగా ఉంటాయి, దగ్గరికి వెళ్లనివ్వలేదు గైడ్. నా చేత ఇంకో తూటా కాల్పించాడు. అయిపోయింది.

ట్రాకర్ ఒక తుమ్మ రెమ్మ విరిచి దాని నోట్లో పెట్టాడు. ఆఖరి మేత అట. యూరప్ వేటగాళ్ల ఆచారం ఇక్కడ నిలిచిపోయిందని గైడ్ చెప్పాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని దాని మెడ మీద చెయ్యి పెట్టాను, గరుకు వెంట్రుకలు, ఇంకా వెచ్చగా ఉంది. ట్రాకర్‌కు రెండు చేతులూ జోడించి దండం పెట్టాను. ఆయన లేకపోతే ఆ రాత్రి ఎలా గడిచేదో నాకు తెలియదు.

ఏడో రోజు

ఇంకో రోజు మిగిలి ఉంది, కవర్లో డబ్బూ ఉంది. ఇంకొకటి కొడతావా అని గైడ్ అడిగాడు. వద్దన్నాను. ఆ రోజు తుపాకీ ముట్టలేదు.

మాంసం అంతా ఫారంలోనే ఉండిపోతుంది. వార్ట్‌హాగ్‌లు, వాటి బొరియల్లోని పిడుదులు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల జబ్బును మోస్తాయి. వాటికి ఏమీ కాదు గానీ పెంపుడు పందులకు సోకితే బతకవు. కాబట్టి పచ్చి మాంసమైనా ఎండు మాంసమైనా అమెరికాకు తేవడం కుదరదు. సగం పనివాళ్ల ఇళ్లకు పంచారు, సగం వంటగదికి వచ్చింది.

బావమరిది సూట్‌కేసులో గుంటూరు కారం, ధనియాల పొడి, గరం మసాలా ఉన్నాయి. వంటామె ఒప్పుకుని పొయ్యి ఇచ్చింది. ఈ మాంసంలో కొవ్వు లేదు, పెంపుడు పంది మాంసంలా తేలిగ్గా ఉడకదు. రెండు గంటలు మగ్గనిచ్చి, చివర్లో నీరు ఇగిరిపోయేదాకా వేయించాడు. వాళ్లు మొక్కజొన్న పిండితో పాప్ వండారు. అచ్చం మన సంకటి, వాళ్లూ చేత్తోనే ముద్ద చేసుకుని తింటారు. ట్రాకర్ కళ్లలో నీళ్లు తిరిగాయి కారానికి, అయినా రెండోసారి పెట్టించుకున్నాడు. మిగిలిన కారం ప్యాకెట్ వంటామె అడిగి తీసుకుంది.

సాయంత్రం ట్రోఫీ సంగతి తేల్చాలి. ఇది ముందే ఆలోచించి పెట్టుకోవాల్సిన లెక్క. తల మౌంట్ చేయించి ఇంటికి తెచ్చుకోవాలంటే ఇక్కడ శుభ్రం చేసి మందు పెట్టి పెట్టెలో కట్టడానికి 250 యూరోలు, విమాన రవాణా 850 డాలర్లు, అమెరికాలో కస్టమ్స్ ఏజెంటుకి 350, స్వైన్ ఫీవర్ కారణంగా ప్రభుత్వ అనుమతి ఉన్న టాక్సిడెర్మిస్టు (తోలుకు మళ్లీ జంతువు రూపం ఇచ్చే పనివాడు) దగ్గరికే పంపాలి, ఆయనకు 900. మొత్తం 2,400 డాలర్ల దగ్గర. 410 డాలర్ల జంతువుకి ఇది ఆరు రెట్లు. పుర్రె ఒక్కటే తెచ్చినా పెద్దగా తగ్గదు, రవాణా వాళ్లకు కనీస ఛార్జీ ఉంటుంది. నలుగురు వేటగాళ్లు కలిసి ఒకే పెట్టెలో పంపిస్తే గిట్టుబాటవుతుంది. ఒక్కడికి కాదు.

పుర్రె అక్కడే వదిలేశాను. ఫారం వరండా గోడకు తగిలించారు.

టిప్పులు కవర్లలో పెట్టి విడివిడిగా ఇచ్చాను, గైడ్‌కి, ట్రాకర్‌కి, చర్మం తీసినవాళ్లకి, వంటామెకి, గది శుభ్రం చేసినామెకి. మొత్తం 380 డాలర్లు. అందరిదీ కలిపి ఒకరి చేతికి ఇవ్వొద్దని నా సలహా. ట్రాకర్ కవర్లో ఆ రెండో పంది కోసం దాచిన డబ్బులోంచి కొంత వేశాను, అది ఈ లెక్కలో చూపలేదు.

ఎనిమిదో రోజు

తిరుగు దారిలో ఒట్జివరాంగోకు 44 కిలోమీటర్ల దూరంలో చీతా కన్జర్వేషన్ ఫండ్ కేంద్రం చూశాం. చీతాల మీద పనిచేసే ఈ సంస్థను 1990లో జంతు శాస్త్రవేత్త లారీ మార్కర్ స్థాపించారు. 2022 సెప్టెంబర్ 17న మధ్యప్రదేశ్ కునో జాతీయ పార్కుకు వచ్చిన ఎనిమిది చీతాలు ఈ దేశం నుంచే వెళ్లాయి, ఆ పనిలో ఈ కేంద్రానికి ముఖ్య పాత్ర ఉంది. 1994 నుంచి వీళ్లు రైతులకు పెద్ద కాపలా కుక్కల్ని ఇస్తున్నారు. మేకల మందలో పుట్టినప్పటి నుంచీ పెరిగిన కుక్క చీతాను దగ్గరికి రానివ్వదు, దాంతో రైతు చీతాను కాల్చే అవసరం తప్పుతుంది.

వార్ట్‌హాగ్‌కూ ఈ కథలో చోటుంది. అది కంచెల కింద గోతులు తవ్వుతుంది, ఆ గోతుల్లోంచే చీతాలు లోపలికి వస్తాయి. ఎన్ని పూడ్చినా మళ్లీ తవ్వుతుంది. అందుకని పంది తల పెట్టి తోసుకుని వెళ్లేలా చిన్న ఊగే తలుపులు పెట్టి పరీక్షించారు. పంది తోస్తుంది, చీతా తోయదు. నాకు నాన్న గుర్తొచ్చాడు. మన మెట్ట రైతుల కంచెకు కరెంటు తీగ తగిలించి, దానికి పందితో పాటు పక్క చేను మనిషి కూడా బలైన వార్తలు ఎన్ని చదివానో.

తొమ్మిది, పది రోజులు

విమానంలో లెక్క పూర్తి చేశాను. ఇద్దరికీ కలిపి ఫారంకి 3,146 డాలర్లు, విమానం 3,300, వీసాలు 180, కారు 257, విండ్‌హుక్ రెండు రాత్రులు 190, ఇన్సూరెన్స్ 220, డాక్టరూ మందులూ 140, టిప్పులు 380, చిల్లర 150. మొత్తం 7,963. ఇన్సూరెన్స్ మాత్రం అత్యవసరమైతే హెలికాప్టర్‌లో తరలించే ఖర్చు ఉన్నదే తీసుకోండి. ఫారం నుంచి పెద్దాసుపత్రికి మూడు గంటల దారి.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో అమ్మ ఫోన్ చేసింది. జరిగింది మొత్తం చెప్పాను, తొందరపడి కాల్చింది, నలభై నిమిషాలు, చుక్కలు, బొరియ. "మరి మాంసం?" అంది. పదిహేను మంది తిన్నారమ్మా అన్నాను. "ఆ దారి చూసిన ముసలాయనకి ముందు పెట్టారా?" అంది. పెట్టామన్నాను.

డల్లాస్‌లో కస్టమ్స్ కాగితం మీద "పశువుల ఫారంకి వెళ్లారా" అన్న చోట అవును అని రాశాం. పక్కకు పిలిచారు. బూట్లు బయటికి తీయమన్నారు. నేను అక్కడే బ్రష్ పెట్టి కడిగి ఆరబెట్టాను గానీ, మడమ గాడిలో ఒక బ్లాక్‌థార్న్ ముల్లు, దానికి అంటుకుని కొంచెం ఎర్రమట్టి మిగిలి ఉన్నాయి. ఆఫీసరు చిమటాతో లాగి, చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి, సీలు వేశాడు. బూట్లు మందు నీళ్లలో ముంచి, తడిగానే నా చేతికి ఇచ్చాడు.